ఆగి అడగమని రాసిన మేడం

మేడం పోయిందని కోదాడ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజనీరుతో పోట్లాడుతున్నాను. తను చేసిన టూల్ పక్కన ఆయన "తగిన సందర్భంలో వాడాలి" అని రాసిపెట్టాడు. తగిన సందర్భం అంటే ఏది, ఎవరికి తగినది, ఎవరు చెప్పాలి అది తగినదని, అంటూ నేను గొంతు పెంచేశాను. ఆయన బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. కబురు విని ఫోన్ పెట్టేశాక కళ్ళలో నీళ్ళు, పెదాల మీద నవ్వు ఒకేసారి వచ్చాయి. నాకు పుట్టుకతో వచ్చిన కోపం వేరే బోలెడుంది. ఈ "తగిన" మీద కోపం మాత్రం మేడం నాకు అంటించి పోయింది.

మా ఆఫీసు సూర్యాపేటలో ఒక ఎరువుల దుకాణం పైన ఉంటుంది. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులకు సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తాం. కోతల కాలంలో ట్రాక్టర్లన్నీ ఒకేసారి వచ్చి రోడ్డు మీద పడకుండా మిల్లువాళ్ళు రైతులకు టోకెన్లిస్తారు. ఫలానా రోజు, ఫలానా పూట నీ బండి తెచ్చుకో అని. ఇదివరకు ఆ పని గేటు దగ్గర గుమస్తా ఒక్కడే చేసేవాడు. తర్వాత మా సారు దానికొక ఏఐ ఏజెంట్‌ను పెట్టాడు. రైతు ఫోన్ చేసి ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడితే చాలు. అది విని, మేమిచ్చిన టూల్స్‌లోంచి కావలసినది తీసుకుని పని కానిచ్చేస్తుంది. టోకెన్ ఇచ్చే టూల్ ఒకటి, కాంటా దగ్గర రద్దీ ఎంతుందో చెప్పేదొకటి, టోకెన్ రద్దు చేసేదొకటి. ఏది ఎప్పుడు తీసుకోవాలో దానికెలా తెలుస్తుందంటే, ఒక్కో టూల్ పక్కన మేం రాసిపెట్టే నాలుగు మాటలను బట్టే. అంతకు మించి దానికి ఇంకో దిక్కు లేదు. ఆ నాలుగు మాటలు రాయడానికి వచ్చింది మేడం.

వచ్చిన రోజే మాకు నవ్వొచ్చింది. చీర మీద తెల్ల కోటు! కోదాడలో ఒక జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేసినప్పటి కోటు అది. యాసిడ్ చుక్కలు పడి అక్కడక్కడా పసుపు పచ్చగా మారింది. "ఏసీ చలి" అని చెప్పేది గానీ కరెంటు పోయినా విప్పేది కాదు. కోదాడ బస్సు దిగి, మెట్లెక్కి, ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు తాగి, కోటు గుండీలు పెట్టుకున్నాకే ఆమెకు పని మొదలైనట్టు.

"ల్యాబ్ పనికి దీనికి సంబంధం ఏంది మేడం?" అని మొదటి రోజే అడిగేశాను. నా నోరు అంతే.

"పిల్లల చేతికి యాసిడ్ ఇచ్చి, ఒక కాగితం ఇచ్చి, నేను పక్క గదిలోకి వెళ్ళేదాన్నమ్మాయ్. వాళ్ళు కాగితంలో ఉన్నదే చేస్తారు. కాగితంలో లేనిది కూడా చేస్తారు. తిరిగొచ్చేసరికి అందరి చేతులూ అందరికీ ఉండాలి. ఇంతకన్నా సంబంధం ఏం కావాలి?"

ఆమెకు తాను రాసిన ఆ కాగితాల మీద ఎంత గర్వమో! పిప్పెట్‌ను నోటితో పీల్చవద్దు అని రాస్తే పిల్లలు పీల్చేవాళ్ళట. పీలిస్తే నాలుకకు ఏమవుతుందో ఒక్క వాక్యం కలిపాక మానేశారట. "వద్దు అని ఊరుకోకూడదు. ఎందుకు వద్దో కూడా చెప్పాలి. అప్పుడు నువ్వు రాయని చోట కూడా వాళ్ళు తప్పు చెయ్యరు" అనేది. ఏజెంట్ కూడా అంతేనని ఆమె వాదన. మా సారు మొదట్లో నమ్మలేదు. ఆయనది తరతరాల వ్యవసాయ కుటుంబం, చుట్టాల్లో సగం మందికి మిల్లులు. "గిదంతా ఎందుకు మేడం? టూల్ పేరు చూస్తే దానికే సమజ్ అయితది" అనేవాడు. ఆమె ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి పరీక్ష మొదలుపెట్టేది.

ఆ పరీక్ష గురించి చెప్పకపోతే మేడం గురించి ఏమీ చెప్పనట్టే. గది మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చునేది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకునేది, తెర కనిపించకుండా. తర్వాత చేతులు కట్టుకుని, "చెప్పండి. నేనిప్పుడే పుట్టాను. నాకేం తెలీదు" అనేది. మనం రాసింది మనం పైకి చదవాలి. ఆమె ఏజెంట్. చదివినదాన్ని బట్టి మాత్రమే ఆమె చేస్తుంది.

నా మొదటి పరీక్ష ఇప్పటికీ గుర్తే. "టోకెన్ తేదీ ఇవ్వాలి" అని చదివాను.

"ఎల్లుండి" అంది మేడం.

"అట్ల కాదు మేడం, తేదీ చెప్పాలె."

"ఎల్లుండి తేదీ."

"అయ్యో, ఎల్లుండి అంటే ఏ తేదీ?"

"నన్నడుగుతావేంటి? ఇవాళ ఏ రోజో నాకు చెప్పావా? నేనిప్పుడే పుట్టాను కదా!"

నాకు చిర్రెత్తుకొచ్చింది. పళ్ళు కొరుక్కుంటూ ఇవాళ్టి తేదీ ఎక్కడ చూసుకోవాలో ఒక వాక్యం కలిపాను. తర్వాతిది "లోడు ఎంతో ఇవ్వాలి." ఆమె "ఎనభై" అని ఊరుకుంది. ఎనభై ఏమిటి? బస్తాలా, క్వింటాళ్ళా? బస్తా అయితే ఏ బస్తా, మిల్లు బస్తానా, కొనుగోలు కేంద్రం బస్తానా? ఆ ఒక్క లైను దగ్గర పొద్దు గూకింది. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. కానీ సాయంత్రం అదే మాటను కొత్తగా రాసి నిజం ఏజెంట్‌కు ఇచ్చినప్పుడు, ఒక రైతు "ఎనభై దాకా ఉంటయి" అనగానే అది, "బస్తాలా అండీ, క్వింటాళ్ళా?" అని తిరిగి అడిగింది. మేడం బల్ల మీద అరచేత్తో దబదబా కొట్టింది.

"పట్టింది! పట్టింది!"

గాజులు గలగలమంటుండగా గదంతా ఒక చుట్టు తిరిగింది. వెంటనే కోదాడకు ఫోన్ చేసింది. "ఏవండీ, అది అడిగిందండీ! బస్తాలా క్వింటాళ్ళా అని అడిగింది!" అవతల ఆయన ఏమన్నారో మాకు వినపడలేదు. పాపం ఏమంటారు? అలా ఎన్ని ఫోన్లు ఓపిగ్గా విన్నారో ఆ మహానుభావుడు. నేను మాత్రం ఆ రోజే పడిపోయాను. కోడ్ రాసి నడిపిస్తే వచ్చే సంతోషం నాకు తెలుసు. మాట రాసి నడిపిస్తే ఇంత ఉత్సాహం వస్తుందని తెలియదు.

ఆమెకు కొన్ని మాటలంటే ఒళ్ళుమంట. తగిన, సాధారణంగా, అవసరాన్ని బట్టి, మొదలైనవి. ఆ మాట రాసినవాళ్ళు కిందికెళ్ళి అందరికీ చాయ్ తేవాలి. మా సారు ఎన్నిసార్లు మెట్లు దిగాడో! "వంటల పుస్తకంలో తగినంత ఉప్పు అని రాస్తారు చూడు, అది రాసినావిడకు వంటొచ్చు, చదివినావిడకు రాదు. వచ్చినవాళ్ళ కోసం ఎవరైనా రాస్తారా?" అనేది. ఇంగ్లీషులో రాసుకుపోతుంటే ఆపేది. "ఇంగ్లీషులో దాక్కోవడం తేలికమ్మాయ్. ముందు తెలుగులో నాకు చెప్పు. నీకు తెలీనిదేంటో అప్పుడు బయటపడుతుంది." ఆ మాట నిజమని ఒప్పుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది గానీ, ఇప్పుడు నేను కూడా ముందు తెలుగులోనే రాసుకుంటాను.

ఏజెంట్ తప్పు చేస్తే ఆమెకు ఇంకా హుషారు. మేమంతా తల పట్టుకుంటే ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఆగండి ఆగండి, ఎవరూ ముట్టుకోవద్దు. ఏం చదివి ఇలా చేసిందో చూడనివ్వండి" అనేది. మేం దాన్ని తిట్టడానికి వీల్లేదు. "దాన్నెందుకు తిడతావు? మనమిచ్చిన కాగితం చూడు" అనేది. అందరి కాగితాలూ చూసేది. తనది మాత్రం ఎప్పుడూ తప్పు పోలేదు. అలాంటి మేడం కాగితమే ఒకరోజు తప్పు పోయింది.

పోయినేడు వానకాలం కోతలు. తుపాను అన్నారు, మబ్బులు పట్టి ఉన్నాయి. అందరూ ఒకేసారి మిషన్లు దింపి కోయించారు. మిర్యాలగూడలో ఒక మిల్లు గేటు గుమస్తా పొద్దున్నే సారుకు ఫోన్ చేశాడు. సారు స్పీకర్ పెట్టాడు.

"సార్, మీ ఫోన్ల అమ్మ ఒక రైతామె టోకెన్ తీసి పారేసింది. ఆమె వచ్చి ట్రాక్టర్ గేటుకు అడ్డం వెట్టింది. ఎనక లైనంత ఆగింది. మా ఓనర్ గరం గరం ఉన్నడు. ఈ సిస్టమే ఖతం జెయ్యమంటున్నడు."

సారు మొహంలో నెత్తురు లేదు. ఆ ఒక్క మిల్లు కాదంటే మిగతావాళ్ళూ కాదంటారు. మేడం మాత్రం అప్పటికే కోటు జేబులో కళ్ళజోడు వేసుకుని నిలబడింది.

"ఏ టూలు? రద్దుదా? అబ్బ! పద అమ్మాయ్, ల్యాప్‌టాప్ తీసుకో."

మిర్యాలగూడ బస్సులో కూర్చుని ఆ కాల్‌లో ఏజెంట్ ఏమేం చేసిందో నా ఫోన్‌లో చదివింది. వేములపల్లి దగ్గర ఊరామె, కౌలు రైతు. కోత మిషన్ బేరింగ్ పోయి ఆగిందట. "మా బండి ఇయ్యాల రాదు, రేపు పొద్దుగాల వస్తది" అని ముందు రోజు ఫోన్ చేసి చెప్పింది. ఏజెంట్ మేడం రాసింది చదివింది. అందులో ఇలా ఉంది: "టోకెన్ రోజు మార్చాలంటే పాతది రద్దు చేసి, కొత్తది ఇవ్వాలి." అది పాతది రద్దు చేసింది. కొత్తది ఇవ్వబోయేలోగా ఖాళీ అయిన ఆ చోటును ఇంకొకరు తీసుకున్నారు, మర్నాటి టోకెన్లు అంతకు ముందే అయిపోయాయి. "క్షమించండి, ఈ వారం ఖాళీ లేదు" అని మర్యాదగా చెప్పి పెట్టేసింది.

"నేను రాసిందే చేసింది. అక్షరం పొల్లు పోకుండా చేసింది!" అంది మేడం. కళ్ళు మెరుస్తున్నాయి. నా మోచెయ్యి పట్టుకుని ఊపేసింది. "తప్పు నాది అమ్మాయ్, నాది! గుమస్తాను ఫోన్‌లో అడిగాను, ఏముంది మేడం, రద్దు కొట్టి కొత్తది ఇస్తం అన్నాడు. అలాగే రాసేశాను. కిటికీ దగ్గర నిలబడి చూడలేదు." అంతలోనే ఆ మెరుపు తగ్గింది. కిటికీలోంచి మబ్బు వంక చూసి, "తడి వడ్లు కదా. ట్రాలీలో ఎంతసేపాగుతాయి?" అంది. కోసిన తడి వడ్లు కుప్పగా ఉంటే లోపల వేడెక్కుతాయి, రంగు మారతాయి. రంగు మారితే మిల్లువాడు కొనడు. ఆ సంగతి మా ఊరు చివ్వెంలలో ఎవరినడిగినా చెబుతారు. నేను కూడా మబ్బు వంకే చూశాను.

గేటు దగ్గర గలాటాగా ఉంది. ట్రాక్టర్ అడ్డంగా నిలబడి ఉంది. వెనక హారన్లు. తెల్ల కోటు చూసి డాక్టరమ్మ వచ్చిందనుకుని జనం "ఎవరికేమైంది?" అంటూ దారిచ్చారు. ట్రాలీ మీద వడ్లలో చెయ్యి పెట్టి చూస్తూ ఒకావిడ నిలబడి ఉంది. నలభై ఏళ్ళు దాటినట్టుంది. మేడం తిన్నగా ఆమె ముందుకెళ్ళింది.

"అమ్మా, ఫోన్‌లో మాట్లాడేదానికి ఏం చెయ్యాలో రాసి పెట్టింది నేనే. తప్పు నాది."

"నువ్వేనా! అయితే నిన్నే అనాలె" అని ఆమె ట్రాలీ దిగింది. ఆ తిట్లన్నీ ఇక్కడ రాయలేను. ఆఖరికి, "నేనేమన్న? మా బండి ఇయ్యాల రాదన్న. వద్దన్ననా? రాదన్న గని వద్దనలే! ఒద్దన్నట్టు ఎట్ల తీసేస్తవు? నా ఒడ్లు సూడు, చెయ్యి వెడితే ఎచ్చగ తగులుతున్నయ్. కౌలు కట్టాలె, మిషిన్ కిరాయి కట్టాలె. గివి నల్లవడితే ఎవలు కొంటరు?" అంది.

మేడం గిర్రున నా వైపు తిరిగింది. "విన్నావా అమ్మాయ్! రాదన్నాను, వద్దనలేదు. రాసుకో, ముందది రాసుకో!" మళ్ళీ ఆమె వైపు తిరిగి, "ఇంకోసారి చెప్పమ్మా" అంది. తిట్టినవాళ్ళను ఇంకోసారి తిట్టమని అడిగిన మనిషిని ఆమె కూడా ఎప్పుడూ చూసి ఉండదు. నోరు తెరుచుకుని చూసింది.

తర్వాత గుమస్తాను కిటికీలోంచి బయటికి పిలిచింది. "నువ్వు రోజు ఎలా మారుస్తావయ్యా? నాకు చేసి చూపించు."

"ఏముంది మేడం, ఇద్దరొస్తరు గదా…"

"ఎవరిద్దరు?"

"మార్చుకునేటోళ్లు. ఒకాయనకు మిషిన్ ఆగిపోతే రేపటి టోకెనున్నాయిన్ని ఎంబడి తోలుకొని వస్తడు. ఇద్దరు కిటికీకాడ నిలవడితేనే రెండు రద్దు కొట్టి, అటుదిటు ఇటుదటు ఇస్త. ఒక్కడే వస్తే కొట్ట."

"ఆ ముక్క ఫోన్‌లో నాకెందుకు చెప్పలేదు?"

"గది అందరికి తెల్సినదే గద మేడం" అన్నాడు గుమస్తా నిజంగానే ఆశ్చర్యపోతూ.

ఇక్కడి మిల్లుల్లో టోకెన్ మార్చడం అంటే ఇద్దరు మనుషులు ఒకే కిటికీ ముందు నిలబడటం. చోటు ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండదు. ఇంత మామూలు సంగతి కాబట్టే ఎవరూ నోటితో చెప్పలేదు. మా ఏజెంట్‌కు ఒంటరిగా ఒక ఆడమనిషి గొంతు వినపడింది, పక్కన రెండో మనిషి ఉండాలని దానికి తెలియదు.

"సరే, తప్పు మాది. రేపటి లెక్కలో ఒక్క టోకెన్ ఎక్కువేసి ఈమెకు రాయి. దానికి ఇవాళ్టిది ఇచ్చి మార్చుకునేవాళ్ళెవరు?" అంది మేడం.

గుమస్తా చేతులు తిప్పాడు. "లైన్ల ఉన్నోళ్లందరివి తడి ఒడ్లే. ఎవలు ఇడుస్తరు? ఇయ్యాల్టి టోకెనుండి ఇంకా ఇంటికాడనే ఉన్నోళ్లు చానమంది ఉన్నరు. ఒక్కొక్కరికి నేనెప్పుడు ఫోన్లు జెయ్యాలె?"

"నువ్వెందుకు? ఫోన్లు చేసేది మన దగ్గరుంది కదా!"

అప్పుడు చూడాలి మేడంను. గోనెసంచుల కట్ట మీద నన్ను కూర్చోబెట్టి, తను ఎదురుగా నిలబడింది. రెండు టోకెన్లను ఒక్క దెబ్బలో అటూ ఇటూ మార్చే టూల్ రాయడం నాకు పెద్ద పనేం కాదు. నా వేళ్ళు పరిగెత్తుతున్నాయి. గుండె అంతకంటే ముందు పరిగెత్తుతోంది. దాని పక్కన రాయాల్సిన నాలుగు మాటలే కష్టం. మేడం పైకి చెబుతోంది, కొట్టేయమంటోంది, మళ్ళీ చెబుతోంది. "ఎవరినడగాలి ముందు? ఎవరి వడ్లు ఆగగలవో వాళ్ళను. టోకెన్ తీసుకునేటప్పుడు ఆరబోసినవా, పచ్చివా అని అడుగుతున్నాం కదా? ఆరబోసినవాళ్ళనే అడగమని రాయి. ఎందుకో కూడా రాయి!" వెనక హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఒక చినుకు నా కీబోర్డు మీద పడింది. ఆ రైతు తన ట్రాలీ మీద టార్పాలిన్ పట్టా కప్పుకుంటూ మా వంకే చూస్తోంది.

నడిపించాం. అది ఇళ్ళ దగ్గరున్నవాళ్ళకు ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. ఒకరు వద్దన్నారు. ఇంకొకరు ఎత్తలేదు. మేడం గోళ్ళు కొరుకుతోంది. అప్పుడు స్పీకర్‌లో ఒక పెద్దాయన గొంతు వచ్చింది. "మాయి ఆరవోసిన ఒడ్లే. రేపొస్తే ఏంబోతది? పాపం, పచ్చి ఒడ్లు ఉన్నామెను ఎక్కియ్యుండ్రి." ఏజెంట్ ఆయన చెప్పింది తిరిగి ఆయనకే చదివి వినిపించి, సరేనా అని అడిగి, సరే అన్నాక మార్చింది. కిటికీలో ప్రింటర్ కిర్రుమని కొత్త టోకెన్ బయటికి తోసింది.

"పట్టింది!"

ఆ అరుపుకు హారన్లు కూడా ఆగాయి. మేడం గుమస్తా భుజం మీద చరిచింది, నన్ను కౌగిలించుకుంది, కోదాడకు ఫోన్ కలిపి "ఏవండీ, మారిందండీ!" అని మాత్రం అని పెట్టేసింది. నేనైతే ఏడ్చాను, ఎందుకు దాచాలి? ట్రాక్టర్ అడ్డం తీసి, లైను కదిలి, ఆమె వడ్లు కాంటా ఎక్కేదాకా మా ఇద్దరికీ కాళ్ళు నేల మీద లేవు.

కాంటా అయ్యాక ఆమె వెళ్ళిపోతుందనుకున్నాం. ట్రాక్టర్ డ్రైవరును పంపించేసి, మా దగ్గరికొచ్చి గోనెసంచుల మీద కూర్చుంది.

"నా పని అయింది. రేపు నా అసొంటిది ఇంకొకతి వస్తే? ఈ ఫోన్లామెకు ఇయ్యాల్టిది యాదికుంటదా?"

"ఉండదమ్మా" అంది మేడం. "దానికి ఏదీ గుర్తుండదు. ప్రతి ఫోనుకూ కొత్తగా పుట్టినట్టే. మనం రాసిపెట్టింది చదువుకుని మొదలుపెడుతుంది."

"అయితే ఏం రాసినవో సదువు. నేనింట."

మేడం కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ఆ మాటలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, నేను ఒక్కటీ మార్చలేదు:

"ఇద్దరు రైతుల టోకెన్లను ఒకేసారి అటూ ఇటూ మారుస్తుంది. రైతు 'బండి ఇవాళ రాదు' అంటే టోకెన్ వద్దన్నట్టు కాదు. రోజు మార్చమంటున్నారేమో అడిగి తెలుసుకో. మార్చమంటే రద్దు టూల్ వాడకు, ఇదే వాడు. రద్దు చేస్తే ఆ చోటు వెంటనే ఇంకొకరికి పోతుంది, తిరిగి రాదు. మార్చుకోవడానికి ముందుగా ఆరబోసిన వడ్లు ఉన్నవాళ్ళను అడుగు. అవి ఒక రోజు ఆగగలవు. పచ్చి వడ్లు ఆగవు, వేడెక్కి రంగు మారతాయి, అప్పుడు ఆ రైతు ఏడాది కష్టం పోతుంది. ఇద్దరూ సరే అన్నాకే మార్చు. ఏ మాత్రం అనుమానం ఉన్నా ఆగి, మనిషిని అడుగు."

"ఆగు" అంది ఆమె. "ఏ మనిషిని?"

"మిల్లు ఆఫీసులో…"

"నిన్న మాపు నేను గీ ఆఫీసుకు ఫోన్ జేసిన. మోగి మోగి ఆగింది. ఎవలెత్తిండ్రు? మనిషిని అడుగు అంటే ఎత్తే మనిషినా, ఎత్తని మనిషినా?"

గుమస్తా తల దించుకుని కిటికీలోకి వెళ్ళిపోయాడు. మేడం నా ఒళ్ళోంచి ల్యాప్‌టాప్ తీసుకుని, ఆఖరి వాక్యం చివర తన సొంత ఫోన్ నంబరు కొట్టింది.

సారు వద్దన్నాడు. "కోతల టైంల ఊపిరాడనియ్యది మేడం, పరేషాన్ అయితరు."

"కానివ్వండి" అంది. అంతే.

అది నిజంగానే ఊపిరాడనివ్వలేదు. బస్సులో మోగేది, పెళ్ళి పందిట్లో మోగేది. అన్నం ముందు నుంచి లేచి ఎడమ చేత్తో ఎత్తేది. ఏజెంట్ తన అనుమానం చెబుతుంటే కళ్ళు మూసుకుని వినేది. ఒక్కోసారి దాని ప్రశ్నకు ఈమెకూ జవాబు తెలిసేది కాదు. అప్పుడు ఎంత సంబరపడేదో! గుమస్తాకు, నాకు, ఆ వేములపల్లి ఆమెకు కూడా ఫోన్లు చేసి కనుక్కుని, మర్నాడు పొద్దున ఆఫీసుకు వస్తూనే "కొత్తది దొరికింది!" అని మెట్ల మీద నుంచే కేకేసేది. కాగితంలో ఒక వాక్యం పెరిగేది.

ఆమె పోయాక ఈ ఏడు కోతలు మొదలయ్యాయి. నిన్న పొద్దున కోదాడ నుంచి మేడం వాళ్ళాయన ఫోన్ చేశారు. "ఏం లేదమ్మా, ఆవిడ ఫోను మోగుతోంది. ఆపేద్దామంటే చెయ్యి రాలేదు. ఎత్తితే ఏదో బండి గురించి అడుగుతోంది. నాకేం తెలుసు, చెప్పు? ఎవరో రైతు ఇబ్బంది పడతాడేమోనని చేశాను" అన్నారు.

ఆ మాట సారుతో చెప్పాను. ఆఫీసు నంబరు పెట్టెయ్యమన్నాడు. "ఆఫీసు నంబరా? ఎవరెత్తుతారు?" అని గట్టిగానే అన్నాను. ఫైలు తెరిచి, ఆమె నంబరు మీద కర్సర్ పెట్టి కాసేపు కూర్చున్నాను. ఒక్కో అంకె చెరిపాను. నాది కొట్టాను.

ఇవాళ పొద్దున చివ్వెంల నుంచి స్కూటీ మీద వస్తుంటే రోడ్డు మధ్యలో మోగింది. బండి పక్కకు దించి, హెల్మెట్ తీయడానికి తొందరలో క్లిప్పు దొరక్క, దాని పైనుంచే ఫోన్ నొక్కిపెట్టుకున్నాను. ఏజెంట్ గొంతు. ఒకాయన ఇంట్లో చావైందట, బండి ఎప్పుడొస్తుందో చెప్పలేనంటున్నాడట, మార్చుకుందామంటే రోజు తెలియదు, టోకెన్ తీసెయ్యమని ఆయనే అంటున్నాడట, తీసెయ్యాలో వద్దో తనకు అనుమానంగా ఉందట. ఆయన ఇంకా లైన్లోనే ఉన్నాడట.

"తియ్యకు" అన్నాను. "నాకు కలుపు."

కలిపింది. అవతల ఏడుపులు వినిపిస్తున్నాయి.

"అన్నా, ఒక్క మాట చెప్పు" అన్నాను. "ఒడ్లు ఇంకా పచ్చియేనా, ఆరినయా?"